పిసికే చేయి

టీచర్ ట్రైనింగ్ చేసిన రోజుల నోటుపుస్తకం ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో మొదటి పేజీలోనే ఒక వాక్యం కింద గీత గీసి పెట్టుకున్నాను: పిల్లలు మట్టి ముద్దల వంటివారు, ఉపాధ్యాయుడు కుమ్మరి వంటివాడు. ఆ మాట చెప్పిన సారు మంచివారే. క్లాసులో అందరం తలలు ఊపాం. పరీక్షలో ఆ మాటే రాశాం, మార్కులు కూడా వచ్చాయి.

ఇరవై ఏళ్లకు పైగా బడిలో పనిచేశాక ఆ వాక్యం చూస్తే నాకిప్పుడు ఒక అనుమానం వస్తుంది. ఆ రోజు క్లాసులో ఉన్నవాళ్లలో మట్టి తొక్కినవాళ్లం ఎందరం? మట్టి తెలిసిన ఒక్కరైనా లేచి, "సార్, మట్టి మీరు అనుకున్నట్టు ఉండదు" అని ఎందుకు అనలేదు? చిన్నప్పటి నుంచి మా అవ్వ వెంట గోడమట్టి తొక్కిన నేను కూడా నోరు విప్పలేదు. మట్టి తొక్కడం కూడా ఒక తెలివి అని, దాన్ని క్లాసులో చెప్పవచ్చని అప్పుడు నాకు తోచలేదు. ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

తెలుగులో "పిసకడం" అనే మాట ఎన్ని చోట్ల వస్తుందో చూడండి. పిండి పిసుకుతాం. మట్టి పిసుకుతాం. అలసిపోయి వచ్చిన తాత కాళ్లు పిసుకుతాం. ఏం చేయాలో తోచనప్పుడు చేతులు పిసుక్కుంటాం. కోపం హద్దు దాటినవాడు గొంతు పిసికాడు అంటాం. వేళ్లు చేసే పని ఒక్కటే, మెత్తగా ఉన్నదాన్ని పట్టి వత్తడం. కాని ఒకచోట రొట్టె తయారవుతుంది, ఒకచోట గోడ లేస్తుంది, ఒకచోట నొప్పి తగ్గుతుంది, ఇంకొకచోట ప్రాణం పోతుంది. అందుకే ఈ చిన్న పనిలో ఒక పెద్ద ప్రశ్న ఉంది. మెత్తగా ఉన్నదాని మీద బలమున్న చేతికి ఏం హక్కు ఉంది? ఎంతవరకు ఉంది? పిల్లలు మెత్తనివాళ్లు, మన చేతుల్లో బలం ఉంది. కాబట్టి ఇది మన బడి ప్రశ్న కూడా.

ముందు మట్టి సంగతి చూద్దాం. మా ఇంటి గోడలు కంప తడకలు. వాటికి రెండు వైపులా ఎర్రమట్టి మెత్తేవాళ్లం. ఎండాకాలంలో అవ్వ మట్టి తెచ్చి, గడ్డలు పగలగొట్టి, రాళ్లు ఏరి, మధ్యలో గుంత చేసి నీళ్లు పోసేది. ఆ రోజు ఇక దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు. రాత్రంతా నానాలి. తెల్లారి తరిగిన వరిగడ్డి, కొంత పేడ కలిపి, అప్పుడు తొక్కడం మొదలు. నేను ఉత్సాహంగా ఎగిరెగిరి తొక్కేవాణ్ణని కాదు, అందరు పిల్లల్లాగే మట్టిలో ఆడుకునేదే ఎక్కువ. అవ్వ అనేది: "నీ బలం చూపెట్టకు బిడ్డా. కాలికింద అది ఎట్లున్నదో చూడు."

ఆమె ఏం చెప్పిందో చాలా ఏళ్లకు, సైన్సు పాఠం చెప్పేటప్పుడు అర్థమైంది. బంకమట్టిలో రేణువులు కంటికి కనపడనంత సన్నని పలకల్లా ఉంటాయి. వాటి మధ్య నీటి పొర చేరితే ఒకదాని మీద ఒకటి జారతాయి. అందుకే తడి మట్టి వంగుతుంది, వంచినట్టు నిలుస్తుంది. నీళ్లు తక్కువైతే పలకలు జారవు, మట్టి పొడిపొడిగా రాలుతుంది. నీళ్లు ఎక్కువైతే ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోయి గోడ పగుళ్లు బారుతుంది. గడ్డిపోచ ఆ పగుళ్లను పట్టి ఆపుతుంది. తొక్కడం, పిసకడం ఎందుకంటే తడి అంతటా సమానంగా పాకడానికి, లోపల దాగిన గాలి బయటికి పోవడానికి. ఎంత తొక్కాలో లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. ఒక దిబ్బ మట్టి గంటలో కలుస్తుంది, ఇంకో దిబ్బ మధ్యాహ్నం దాకా కలవదు. ఎప్పుడు చాలో కాలికే తెలుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పిసకడం అంటే ఆకారం ఇవ్వడం కాదు. కుండ ఆకారం సారె మీద వస్తుంది, ఇటుక ఆకారం అచ్చులో వస్తుంది, గోడ ఆకారం తడక మీద వస్తుంది. పిసకడం వీటన్నిటికంటే ముందు జరిగే పని. ఆ మట్టిలో ఉన్న బలాన్ని అంతటా సమానం చేసి, రేపు ఎండకు, మంటకు, వానకు తట్టుకునేలా దాన్ని సిద్ధం చేయడమే ఆ పని. మా ట్రైనింగ్ వాక్యంలో కుమ్మరి అనగానే అందరి కళ్ల ముందు మెదిలింది సారె మీద కుండ లేవడం. దాని వెనక నానబెట్టిన రాత్రి, రాళ్లు ఏరిన చేయి, ఓపికగా తొక్కిన కాలు ఎవరికీ గుర్తురాలేదు.

పిండి సంగతికి వస్తాను. కొన్నేళ్ల కింద పట్నం నుంచి బదిలీ మీద వచ్చిన తోటి టీచరు ఒకాయన మా ఇంట్లో జొన్నరొట్టె నేర్చుకుంటానని కూర్చున్నాడు. ఇంట్లో చపాతీ చేసే అలవాటు ఉన్నవాడు. జొన్నపిండిలో చల్లనీళ్లు పోసి గోధుమపిండిలాగే బాగా పిసికాడు, కాసేపు మూతపెట్టి ఉంచాడు. తీరా తడితే అంచులన్నీ పగిలాయి, ఎత్తితే విరిగింది. రెండోది కూడా అంతే. "ఈ పిండి మంచిది కాదమ్మా" అన్నాడు. అవ్వ నవ్వింది. "పిండి మంచిదే సారూ. నీళ్లే చల్లగున్నయి" అంది.

గోధుమలో గ్లూటెన్ అనే సాగే గుణమున్న మాంసకృత్తు ఏర్పడుతుంది. నీళ్లు తగిలి పిసికేకొద్దీ అది వలలా అల్లుకుంటుంది. అందుకే గోధుమపిండిని ఎంత పిసికితే అంత సాగుతుంది, కాసేపు ఊరనిస్తే ఇంకా మెత్తబడుతుంది. జొన్నలో ఆ గ్లూటెన్ లేదు. జొన్నపిండికి మరిగే నీళ్లు పోయాలి. ఆ వేడికి పిండిపదార్థం ఉబ్బి, జిగురై, ముద్ద కడుతుంది. చేతికి ఓర్చుకునే వేడి ఉండగానే అరచేతి మడమతో రాపాడించాలి, ఆలస్యం చేయకుండా తట్టాలి. గోధుమకు పనికొచ్చిన పద్ధతి జొన్నకు పనికిరాదు. అందుకని జొన్న తక్కువది అయిపోదు. నీళ్లు మార్చుకోవాల్సింది చేయి.

ఆ సారు ఆ రోజు నేర్చుకున్నాడు, ఇప్పుడు నాకంటే బాగా రొట్టె చేస్తాడు. కాని స్టాఫ్‌రూముల్లో మనం వినే మాట ఇంకా మారలేదు. "ఈ పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కదు." "గూడేల పిల్లలు ఇంతే." తోటి టీచర్లూ, ఈ మాట మీరూ విన్నారు, నేనూ విన్నాను. అలసిపోయిన సాయంత్రాల్లో మనలో కొందరం అన్నాం కూడా. పిండి మంచిది కాదన్న మాటకూ ఈ మాటకూ తేడా ఏముంది? ఏ నీళ్లు పోశామో ఒకసారి చూసుకోవద్దా?

మాకు ఆ నీళ్లు భాష. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఒక రోజు బడిలో మట్టి బొమ్మలు చేయమన్నారు. అందరం గుండ్రంగా కూర్చున్నాం. నా ముద్ద గట్టిపడి పగులుతోంది. నీళ్లు కావాలి. మా కోయ భాషలో నీళ్లను "ఏరు" అంటాం. నేను లేచి ఏరు కావాలని అడిగాను. తెలుగులో ఏరు అంటే వాగు. నేను వాగుకు పోతానంటున్నానని టీచరు అనుకున్నారు. "వాగుకు ఇప్పుడెందుకు, కూర్చో" అని గద్దించారు. కూర్చున్నాను. చేతిలో ముద్ద ఎండి, పగిలి, పొడిపొడి అయింది. ఆ రోజు క్లాసులో బొమ్మ చేయనిది నేనొక్కణ్ణే కాదు, మా గూడెం పిల్లలం నలుగురం. మాకు బొమ్మలు చేయడం రాదని అనుకుని ఉంటారు.

ఆ టీచరు చెడ్డవారు కాదు. ఒక్క మాట తెలియదు, అంతే. అయినా ఒక్క మాట తెలియకపోతే ఎంత పోతుందో ఆ ఎండిన ముద్ద నాకు నేర్పింది.

ఇది కొత్తగా కనుక్కున్న సంగతి కాదు. 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకే టీచర్ శిక్షణ మొదలైంది, గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో సాగాలంటోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర, బంజారా వంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు బోధన మొదలుపెట్టారు. దారి తెలుసు, చట్టం ఉంది, పుస్తకాలు కూడా ఒకప్పుడు చేతికొచ్చాయి. మిగిలింది రోజూ పిల్లల ముందు నిలబడే మన చేయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్లలో నేనే ఒక నియమం పెట్టాను, క్లాసులో తెలుగు తప్ప ఇంకో మాట వినపడకూడదని. నేను కోయ. నా పిల్లలు కోయ. అయినా పెట్టాను. నేను పడ్డ అవమానం వాళ్లు పడకూడదని, తెలుగు త్వరగా రావాలని, మంచి మనసుతోనే పెట్టాను. రెండో తరగతిలో ఒక పాప ఉండేది. బయట గలగలా మాట్లాడేది, అందరికీ కథలు చెప్పేది. నియమం పెట్టాక క్లాసులో ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చునేది. అడిగితే తల వంచుకునేది. నేను దాన్ని బుద్ధిమంతురాలు అనుకున్నాను. దసరా సెలవుల తర్వాత ఆమె రాలేదు. తల్లితో మిరపకాయలు ఏరడానికి పోయిందని తెలిసింది.

ఆమె బడి మానడానికి నా నియమం ఒక్కటే కారణమని చెప్పలేను. వాళ్లింట్లో కష్టం ఉంది, కూలికి చేయి అవసరం ఉంది. కాని బడిలో ఆమెను పట్టి ఉంచేది ఏదైనా ఉంటే ఆ గలగల మాటే ఉండాలి. దాన్ని నేను నా చేత్తోనే వత్తేశాను. ఒకటో తరగతిలో నాకు నీళ్లు దొరకలేదు. పెద్దయ్యాక నీళ్ల కుండ నా చేతికి వచ్చింది, నేనే మూత పెట్టాను.

ఇప్పుడు కొందరు అడగవచ్చు. మరి పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వదిలేయాలా? మొక్కై వంగనిది మానై వంగుతుందా? తెలుగు నేర్పకూడదా, ఇంగ్లీషు నేర్పకూడదా, వేళకు రావడం, ఎక్కాలు, వరుస, శుభ్రం ఇవేవీ వద్దా? ఈ ప్రశ్న న్యాయమైనదే. గూడెంలో తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేది కూడా ఇదే. మా పిల్లవాడికి నాలుగు మాటలు తెలుగులో, ఇంగ్లీషులో వస్తే ఆఫీసుల్లో ఎవరూ మోసం చేయరు అంటారు. వాళ్లది పొరపాటు అని నేను అనలేను.

మట్టే దీనికి జవాబు చెబుతుంది. సరిగా పిసకని మట్టితో చేసిన కుండ కుమ్మరి ఆవంలో పగులుతుంది. లోపల అక్కడక్కడా మిగిలిన తడి వేడికి ఆవిరై, బయటపడే దారి లేక కుండను చీలుస్తుంది. కాబట్టి ముట్టుకోకుండా వదిలేయడం ప్రేమ కాదు. మన పిల్లల ముందు పెద్ద మంటే ఉంది. పట్నం కాలేజీ ఉంది, పోటీ పరీక్ష ఉంది, ఏ కులం అని అడిగే హాస్టల్ గది ఉంది. సిద్ధం చేయకుండా పంపితే పగిలేది వాళ్లే. పిసకాలి. అయితే ఎందుకోసం పిసుకుతున్నాం, ఎవరికోసం పిసుకుతున్నాం అన్నది చూసుకోవాలి.

కాళ్లు పిసకడం సంగతి ఇక్కడ గుర్తుచేసుకుందాం. తాత కాళ్లు పిసికితే ఆయన నొప్పి తగ్గి తెల్లారి లేచి నడుస్తాడు. పాత తెలంగాణలో దొర కాళ్లు పిసికిన జీతగాళ్లు కూడా ఉన్నారు. అది వెట్టి. 1976లో దాని మీద వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది. చేయి అదే, వేళ్లు అవే. తాత దగ్గర ఆ చేతికి ఇష్టం ఉంది, వద్దంటే ఆగే వీలుంది. దొర దగ్గర ఆ చేతికి ఆగే హక్కు లేదు. పిసికించుకునేవాడు, పిసికేవాడు ఇద్దరూ మనుషులైనప్పుడు ఎవరు ఆపమంటే పని ఆగుతుంది అన్నదే అసలు పరీక్ష.

బడిలో మనం చేసే పనిని ఈ పరీక్షకు పెట్టాలి. నేను నేర్పుతున్నది నా చేయి తీసేశాక ఆ పిల్ల సొంతంగా నిలబడడానికా, లేక నా క్లాసు నిశ్శబ్దంగా ఉండడానికా? ఆమె తెలుగు నేర్చుకుంటే ఆమె నోటికి ఇంకో మాట చేరుతుందా, ఉన్న మాట పోతుందా? ఆమె "వద్దు" అంటే వినే చెవి నాకుందా? మంచి గోడ, కట్టిన చేయి ఇంటికి వెళ్లిపోయాక కూడా నిలబడుతుంది. నా నియమం కింద ఆ పాప కూర్చున్నది నిలబడడం కాదు.

మట్టి గురించి మన సమాజం ఏమనుకుంటుందో కూడా మాట్లాడాలి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అనే సామెత మనకు బడిలోనే నేర్పారు. అనవసరమైన పనిలో తలదూర్చవద్దని దాని భావం. భావం మంచిదే. కాని సామెత మాత్రం అడుసు తొక్కడాన్ని తప్పుగా, కడుక్కోవాల్సిన మరకగా చూస్తోంది. అడుసు తొక్కకపోతే వరినాటు ఎక్కడిది? గోడ ఎక్కడిది? కుండ ఎక్కడిది? తొక్కాల్సిన అవసరం లేనివాళ్లు పుట్టించిన సామెత అది. మనం తొక్కుతూనే దాన్ని వల్లె వేశాం. మట్టి అంటిన చేయి చదువుకున్న చేయి కాదనే సిగ్గు అట్లా మనలో చేరింది.

మన కళ్ల ముందున్న రామప్ప గుడినే తీసుకోండి. ఒకప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పటి ములుగు జిల్లాలో పాలంపేట దగ్గర ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని 1213 నాటి శాసనం చెబుతోంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని శిఖరంలోని ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలికైనవి, లోపలంతా సన్నని రంధ్రాలు. మట్టిలో పొట్టు వంటి మండే పదార్థం కలిపి కాలిస్తే అది కాలిపోయి ఖాళీలు మిగులుతాయి, ఇటుక బరువు తగ్గుతుంది. చెప్పడానికి తేలికే. కాని ఎంత మట్టికి ఎంత కలపాలి, ఎంతసేపు పిసకాలి, ఎంత మంట పెట్టాలి అన్నది చేతికి తెలియాలి. కొంచెం ఎక్కువైతే ఇటుక పొడి అవుతుంది, తక్కువైతే బరువు దిగదు. ఎనిమిది వందల ఏళ్లు దాటింది. కట్టించిన సేనాని పేరు శాసనంలో ఉంది. శిల్పి పేరే గుడికి వచ్చిందని జనం చెప్పుకుంటారు. ఆ ఇటుకల మట్టి పిసికిన ఆడవాళ్ల, మగవాళ్ల పేరు ఒక్కటి కూడా మనకు అందలేదు.

ఆదిలాబాద్ వైపు ఓజా కళాకారుల డోక్రా పని కూడా చూడండి. మట్టి పిసికి లోపలి ముద్ద చేస్తారు, మైనం మెత్తగా చేసి దారాల్లా తీసి దానిమీద అల్లుతారు, పైన మళ్లీ మట్టి పూస్తారు. కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. మనం చేత్తో పట్టుకునేది లోహపు బొమ్మ, కాని దాని మీది ప్రతి గీతా ముందు మైనంలో వేళ్లు వత్తినదే. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. ఊరికి, వస్తువుకు పేరు వచ్చింది. చేతికి కూడా పేరు రావాలి. పాఠ్యపుస్తకంలో రామప్ప పాఠం చెప్పేటప్పుడు "ఇది ఎవరు కట్టించారు?" అన్న ప్రశ్న తర్వాత "ఈ మట్టి ఎవరు పిసికారు?" అని కూడా అడగండి. రెండో ప్రశ్నకు పుస్తకంలో జవాబు ఉండదు. పిల్లలు ఇంటికి పోయి వాళ్ల నాయనమ్మల్ని అడిగి వస్తారు. నా క్లాసులో అట్లాగే జరిగింది.

1837లో జర్మనీలో ఫ్రోబెల్ చిన్నపిల్లల బడి మొదలుపెట్టి, పిల్లలు చేత్తో చేసే పనుల్లో మట్టి పనికి కూడా చోటిచ్చాడు. సరిగ్గా నూరేళ్లకు, 1937లో వార్ధా సదస్సులో గాంధీజీ చేతిపని ద్వారా చదువు అన్నాడు. ట్రైనింగ్‌లో ఇవన్నీ పేర్లుగా, సంవత్సరాలుగా చదివాం. మన గూడేల్లో అది రోజూ జరిగే పని అని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు హన్మకొండ దుకాణాల్లో రంగురంగుల ముద్దలు డబ్బాల్లో అమ్ముతున్నారు. మనకు వాగు ఒడ్డు ఉంది, పుట్టమన్ను ఉంది.

నేను నెలకు రెండు మూడు సార్లు మట్టి క్లాసు పెడతాను. పెద్ద ఏర్పాటు ఏమీ లేదు. ముందు రోజు పిల్లలే మట్టి తెచ్చి, రాళ్లు ఏరి, నానబెడతారు. మరునాడు పిసికి గోలీలు చేస్తే లెక్క వస్తుంది. ఒకే ముద్దను పొడుగు చేసి, చపాతీలా చేసి, ఉండ చేసి, మూడింట్లో ఎందులో మట్టి ఎక్కువ అని అడిగితే చిన్నవాళ్లు పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటలోనే పాఠం ఉంది. ఎండబెట్టకముందు ఒకసారి, ఎండాక ఒకసారి తూకం వేస్తే నీరు ఎంత పోయిందో కనపడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మట్టి చేతిలో ఉన్నప్పుడు ఏ భాషలోనైనా మాట్లాడవచ్చు. ఏరు అంటే ఏరే. పక్కన బోర్డు మీద నీళ్లు అని రాస్తాను, దాని పక్కన ఇంగ్లీషు మాట కూడా రాస్తాను. మూడూ ఉంటాయి, ఏదీ చెరపను. క్లాసులో నోరు విప్పని పిల్లలు మట్టి క్లాసులో మాట్లాడడం నేను చాలాసార్లు చూశాను. చేతికి పని దొరికితే నోటికి భయం తగ్గుతుందేమో.

యువతకు కూడా ఒక మాట. పాత రోజులే మంచివి, మట్టి గోడలకే తిరిగి పోదాం అని నేను అనడం లేదు. ఏటా గోడ మెత్తడం, వారం వారం అలకడం ఎక్కువగా ఆడవాళ్ల నడుం మీద పడ్డ పని. సిమెంటు ఇల్లు వచ్చిన రోజు మా అవ్వ సంతోషపడింది, నేనూ సంతోషపడ్డాను. ఆమె మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి. పని బరువు పోవాలి. పనిలో ఉన్న తెలివి మాత్రం పోకూడదు. పట్నంలో చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ అమ్మ చేతికి ఏ పిండికి ఎన్ని నీళ్లో, ఏ మట్టికి ఎంత గడ్డో తెలుసు. అది అడిగి రాసిపెట్టుకోండి. మీ గోళ్లలో మట్టి ఉంటే దాచుకోకండి.

మొన్న ఒక మట్టి క్లాసులో ఒకటో తరగతి పిల్లవాడు నా ముద్దను చూసి నవ్వాడు. నేను తొందరపడి నీళ్లు ఎక్కువ పోశాను, చేతికి అంటుకుంటోంది. వాడు లేచి వచ్చి, పొడిమన్ను గుప్పెడు తెచ్చి నా ముద్దలో కలిపి, రెండు చేతులతో పిసికి నాకు తిరిగి ఇచ్చాడు. "ఇప్పుడు మంచిగున్నది సార్" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పాత నోటుపుస్తకం తీశాను. పిల్లలు మట్టి ముద్దలన్న వాక్యాన్ని కొట్టివేయలేదు, అది నేను నడిచి వచ్చిన దారి. దాని కింద ఇంకో వాక్యం రాశాను: పిల్లలకు చేతులు ఉంటాయి.